గణపతిరావు గారి మూడు మిల్లీమీటర్లు

మా సందులో గణపతిరావు అంటే ఎవరికైనా ముందు భయం, తర్వాతే గౌరవం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఆయన చేసిన పని ఒక్కటే. మరమ్మతైన రైలు పెట్టె తిరిగి స్ప్రింగుల మీద కూర్చున్నాక నాలుగు మూలలా ఎత్తు కొలవడం, ఏ మూలైనా కిందికి ఉంటే స్ప్రింగు కింద ఇనప రింగు వేయించి లేపడం. రిటైరై ఏడేళ్లయింది. కొలత మాత్రం రిటైరు కాలేదు. పక్కింట్లో కొత్త మంచం దించితే, పిలవకపోయినా వెళ్లి ఏ కోడు పొట్టిదో చెప్పి వస్తాడు. చెప్పింది ఎప్పుడూ నిజమే కావడం మా దురదృష్టం.

సందులో సగం మంది వర్క్‌షాపు వాళ్లే కాబట్టి కిరణ్‌కుమార్ సంగతి అందరికీ తెలుసు. అతను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో గణపతిరావు అతని చేత ఒకే పెట్టెను మూడుసార్లు ఎత్తించి దింపించాడు. తేడా మూడు మిల్లీమీటర్లు. రూలు ప్రకారం అది తప్పే కాదు. "రూలుకి కళ్లు నేవు, నాకున్నాయి," అన్నాడట, షాపంతా వింటుండగా.

ఆయన కొడుకు గిరిబాబుకు ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ దుకాణం ఉంది. ఎవరిని చూసి మనసైందో గాని, తన పాత చిన్న కారుకు కాయిలోవర్లు వేయించాడు. అంటే మామూలు స్ప్రింగులు తీసేసి, మరలున్న గొట్టం చుట్టూ స్ప్రింగు కూర్చునే కొత్త సామాను పెట్టించాడు. కింద రింగును పానాతో తిప్పితే కారు లేస్తుంది, దిగుతుంది. గిరిబాబు దించాడు. ఎంత దించాడంటే, తల్లి సింహాచలమ్మను మొదటిసారి ఇందా బజారుకు తీసుకెళ్లిన రోజు, ఆవిడను బయటికి లాగడానికి మిఠాయి కొట్టు నుంచి ఇద్దరు మనుషులు రావాల్సి వచ్చింది. జన్మలో ఆ కారు ఎక్కనని ఆవిడ అక్కడే ఒట్టు పెట్టుకుంది.

గణపతిరావును బాధించింది భార్య మోకాళ్లు కాదు. కారు ఎడమవైపుకు ఒరిగి ఉండడం. వంగి చక్రం వెనకాల చూశాడు, రింగు కనిపించింది, ముఖం వెలిగింది. మేం రింగు వేసేవాళ్లం, వీళ్లు తిప్పుతున్నారు, అంతే కదా అంటూ పానా అందుకున్నాడు.

ఇంటి ముందు గచ్చు ఆయనే నీళ్ల గొట్టంతో మట్టం చూసి వేయించినది కాబట్టి నేలను అనుమానించే పని లేదు. టైర్లలో గాలి సమానం చేయించాడు. జాకీ మీద లేపి, రింగు తిప్పి, దించి, స్ప్రింగు సర్దుకోవడానికి కారును నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోయించి, చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా టేపు పెట్టాడు. ఒక మూల లేపితే ఎదురు మూల మాట మార్చేది. రెండు రోజులకు కారు కాస్త పైకి లేచి, అటూ ఇటూ సమానమైంది. సందంతా వచ్చి చూసింది. అప్పుడు గిరిబాబు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కుడివైపు దిగిపోయింది.

వర్క్‌షాపులో పెట్టెను ఖాళీగానే కొలుస్తారు. కొలతకు ముందు మనిషిని ఎక్కించాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. చూడ్డానికి వచ్చిన రిటైర్డు వాళ్లలో ఒక్కరికీ రాలేదు.

"నానా, పెట్టికి డ్రైవరుండడు. కారుకి నానుంటాను," అన్నాడు గిరిబాబు. అతని బరువు తొంభై రెండు కిలోలు.

 గణపతిరావు కొడుకును ఎండలో కార్లో కూర్చోబెట్టి అంతా మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గిరిబాబు లోపలుంటే కారు తిన్నగా ఉంది. దిగితే కుడివైపు ఎనిమిది మిల్లీమీటర్లు లేస్తోంది. మామూలు కళ్లకు అది కనబడదు. మా సందులో మామూలు కళ్లున్నవాళ్లు తక్కువ.

సరిగ్గా ఆ వారమే కిరణ్‌కుమార్ ఫోను చేశాడు. తనూ రిటైరవుతున్నాడట, ఆదివారం నాలుగింటికి పిలవడానికి వస్తాడట. ఆ రోజు గిరిబాబు కలకత్తా వెళ్లాడు, చీకటి పడితే గాని రాడు. ఇంట్లో కారు నడిపేవాళ్లు ఇంకెవరూ లేరు, ఒరిగిన ఖాళీ కారును తోసి దాచడానికి సందులో చోటూ లేదు. రింగులు వెనక్కి తిప్పేయమని నేనే సలహా ఇచ్చాను.

"సూడ్డానికి బాగుండాలని నా కొడుకుని వంకర బండి తోలమంటావేటి?" అని కసిరాడు.

తిట్టినా, ఆ మాటకు ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. పోనీ ఉన్న సంగతి కిరణ్‌కుమార్‌కు చెప్పేయొచ్చు కదా అంటే, కొలిచినవాడు సంజాయిషీ చెప్పుకోకూడదట. కిరణ్‌కుమార్ ముందు తలదించుకోవాల్సి వస్తే ఈయన బతికుండగా మరిచిపోడని నాకు తెలుసు.

మూడున్నరకు తనే వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆయన బరువు యాభై నాలుగు కిలోలు. నన్ను కొలవమన్నాడు. కొలిచాను. ఇంకా మూడు మిల్లీమీటర్ల తేడా ఉంది.

సింహాచలమ్మ గుమ్మంలోంచి ఇదంతా చూస్తోంది. గిరిబాబుకు ఆ ఒళ్లు తల్లి నుంచే వచ్చింది. చిక్కుడుకాయల చేట పట్టుకొచ్చి ఆయన్ని దిగమంది. ఒట్టు తీసి గట్టున పెట్టి, మోకాలు పట్టుకుని మూలుగుతూ ఎక్కి కూర్చుంది.

కిరణ్‌కుమార్ వచ్చాడు, కార్డు ఇచ్చాడు, అనుకున్నట్టే జేబులోంచి టేపు తీశాడు. నాలుగు మూలలూ వంగి వంగి చూశాడు.

"మీ సేతికి వయసు రానేదు గురూగారూ," అన్నాడు.

సింహాచలమ్మను టీకి దిగమని అతనంటే, ఇక్కడ గాలి బాగుంది బాబూ అంటూ ఆవిడ చిక్కుళ్లు వలిచింది. ఆ పూట ఆకు కూడా కదలడం లేదు.

అతను వెళ్లాక ఆవిడను దింపడానికి నేనూ ఆయనా చెరో చెయ్యి పట్టుకున్నాం. కారు కదిలింది గాని ఆవిడ కదల్లేదు. గిరి వచ్చేదాకా ఇలాగే ఉంటానంది. గణపతిరావు లోపలికెళ్లి టీ తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. 

"ముందు నీ మోకాలు కొలవాల్సింది," అన్నాడు.

తర్వాత అటు తిరిగి వెళ్లి ఎడమ సీట్లో కూర్చుని, ఆవిడ ఒళ్లోంచి గుప్పెడు చిక్కుళ్లు తీసుకున్నాడు. కారు ఎడమవైపు దిగింది. టేపు నా చేతిలోనే ఉంది. ఆయన అడగలేదు.