బ్రేకమ్మ శాంతించిన ఏడాది

“...చలి అంటే నమ్మాలా నేను? ఊరంతా చెమటలు కక్కుతుంటే నీ ఒక్కదానికే చలికాలం వచ్చిందా?”

“ఫ్యాన్ ఆపమన్నాను. ఊరి సంగతి అడగలేదు.”

“అయితే నన్ను బాల్కనీలో పడుకోమంటావు.”

“పడుకోండి.”

మెట్ల కింద కారు పక్కన నిలబడి డాక్టరు ఇదంతా విన్నాడు. పొద్దున్నే ఆయన డ్రైవింగ్ క్లాసు. విని లోలోపల సంతోషించాడు కూడా. ఒకప్పుడైతే పై అంతస్తులో ఆ గొంతు లేస్తే పక్క బిల్డింగులో కుక్క మొరిగేది. ఇప్పుడది బొంగురుగా, నిదానంగా, సాగిపోయిన క్యాసెట్టులా వస్తోంది. ఇవాళ కూడా క్లాసు ప్రశాంతంగా గడుస్తుందన్నమాట.

ఆ గొంతు గలావిడను డ్రైవింగ్ స్కూల్లో అందరూ బ్రేకమ్మ అంటారు. నేర్పే కారులో ఆవిడ కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీద ఆవిడ కాలు ఎప్పుడు పడేదో నేర్చుకునేవాడికి తెలిసేది కాదు. వాడింకా భయపడటం మొదలుపెట్టక ముందే కారు ఆగిపోయి ఉండేది. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళెవరూ దేన్నీ గుద్దిన పాపాన పోలేదు.

ఆవిడకు రెండు నియమాలు. తప్పు చేసినవాడు కారు ఆపి, కిందికి దిగి, ఏం తప్పు చేశాడో పైకి చెబుతూ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. పేరున్న వకీళ్ళూ, కాలేజీ ప్రిన్సిపాళ్ళూ నడిరోడ్డు మీద “గేరు మార్చడం మర్చిపోయాను, గేరు మార్చడం మర్చిపోయాను” అంటూ తిరిగినవాళ్ళే. రెండో నియమం, కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. ఎవరైనా కాస్త పక్కకి తిరిగితే, “రోడ్డు నా మొహం మీద వేశారా?” అనేది. అందువల్ల ఆవిడ శిష్యులకు ఆవిడ గొంతు తెలిసినంతగా మొహం తెలియదు.

డాక్టరు మూడుసార్లు లైసెన్సు పరీక్ష తప్పాడు. ఆసుపత్రిలో ఆయన గది ముందు జనం బారులు తీరి ఉంటారు. ఈ కారులోకి రాగానే ఆయన హోంవర్కు చెయ్యని పిల్లాడైపోతాడు. మొదట్లో స్టీరింగు మీద ఆయన చెమట చుక్కలు పడేవి. గత కొన్ని నెలలుగా మాత్రం హాయిగా ఉన్నాడు. బ్రేకమ్మ అరవడం లేదు. “పోనీలెండి, మళ్ళీ ప్రయత్నించండి” అంటోంది. ఆవిడ నోట ‘పోనీలెండి’ అన్న మాట మొదటిసారి విన్న రోజున ఆయన ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పుకున్నాడు.

ఆ ఏడాది సుఖపడింది ఆయన ఒక్కడే కాదు. అత్తగారు, “మా కోడలు బంగారమైపోయింది, ఎవరి దిష్టీ తగలకుండా ఉంటే చాలు” అని పక్క వాటా వాళ్ళకు చెప్పి వచ్చింది. భర్త పెళ్ళయ్యాక మొదటిసారి వాదనల్లో గెలవసాగాడు. ఆవిడ వాదన మధ్యలో నిద్రపోతోందని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. స్కూలు ఓనరు, “వయసుతో పాటు ఓర్పు వచ్చింది మేడమ్‌కి” అని క్లాసులు పెంచాడు.

బ్రేకమ్మకే ఇది నచ్చలేదు. కోపం మునుపటిలాగే బయల్దేరుతోంది గానీ గొంతు దాకా వచ్చేసరికి ఆయాసపడి ఎక్కడో కూర్చుండిపోతోంది. దువ్వెన నిండా వెంట్రుకలు. ఉంగరం సబ్బు రాస్తే తప్ప ఊడటం లేదు. మధ్యాహ్నం రెండు క్లాసుల మధ్య కారు నీడలో పెట్టి కునుకు తీస్తే, తర్వాతి శిష్యుడు అద్దం మీద తట్టి తట్టి వేళ్ళు నొప్పెట్టించుకుంటున్నాడు. అన్నిటికన్నా భయం కాలి గురించి. కన్ను చూసిన సంగతి కాలికి ఆలస్యంగా అందుతోంది. ఈ మాట ఎవరితోనైనా అంటే ఓనరు ఆవిణ్ణి కౌంటర్‌లో కూర్చోబెట్టి రసీదులు రాయిస్తాడు. కారులో ఆవిడ చోటికి ఎదురుచూస్తున్న కుర్ర మాస్టరు ఒకడు ఇప్పటికే స్కూల్లో ఉన్నాడు.

ఫ్యాన్ గొడవ జరిగిన ఆ పొద్దున, బడి ప్రహరీ దగ్గర మలుపులో, డాక్టరు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కాడు.

మునుపైతే కారు అక్కడే ఆగేది. ఇప్పుడు ముందు హెడ్‌లైట్ పగిలింది, తర్వాత కారు ఆగింది.

బ్రేకమ్మ దిగి ముందుకి వెళ్ళింది. డాక్టరు కూడా దిగి, ఎవరూ చెప్పకుండానే, “బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కాను, బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కాను” అంటూ చుట్టు మొదలుపెట్టాడు. వెనక నుంచి తిరిగి ముందుకొచ్చేసరికి, గాజు ముక్కల మీద వంగి ఉన్న బ్రేకమ్మ తల ఎత్తింది. ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడింది. ఇన్ని నెలల్లో ఆయన ఆ మొహాన్ని ఎదురుగా చూడటం అదే మొదలు.

కళ్ళ కింద ఉబ్బు. కనుబొమ్మలు చివర్లలో రాలిపోయి సగానికే ఆగిపోయాయి. చర్మం పొడిబారి, పాలిపోయి ఉంది.

“మేడమ్, మీకు చలి ఎక్కువగా వేస్తోందా?”

“హెడ్‌లైట్ పగలగొట్టి కుశల ప్రశ్నలా?”

“చెప్పండి. జుట్టు రాలుతోందా? నిద్ర చాలడం లేదా? విరేచనం సరిగ్గా అవుతోందా?”

“నడిరోడ్డు మీద అడిగే ప్రశ్నలేనా ఇవి?”

“ఒక్కసారి గుటక వేయండి,” అంటూ ఆయన ఆవిడ మెడ మీద వేళ్ళు పెట్టాడు.

సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, కారు గుద్దితే మాత్రం ఆడమనిషి పీక పట్టుకుంటావా అని డాక్టర్ని నిలదీశాడు. ఆయన డాక్టరని బ్రేకమ్మ చెప్పినా నమ్మలేదు. డాక్టరైతే ఇలా నడుపుతాడా అన్నాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరు ఆవిణ్ణి కుర్చీ మీద మోకాళ్ళపై నిలబడమన్నాడు. పాదాలు వెనక గాల్లో ఉన్నాయి. మడమ పైన నరం మీద చిన్న రబ్బరు సుత్తితో తట్టాడు. పాదం టక్కున కదిలింది గానీ మళ్ళీ తన చోటికి మాత్రం తీరిగ్గా, బద్ధకంగా వచ్చింది.

“చూశారా, మీ కాలు క్లచ్ వదులుతోంది,” అన్నాడు. “నెమ్మదిగా వదలాలని నాకు నేర్పింది మీరే.”

“మీకు రాలేదుగా.”

రక్తపరీక్ష ఫలితాలు వచ్చిన రోజు భర్తా, అత్తగారూ కూడా వచ్చారు. మెడ ముందు భాగంలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుందనీ, ఒంట్లో వేడీ వేగమూ దాని పనేననీ డాక్టరు చెప్పాడు. అది పని తగ్గిస్తే మెదడు కింద ఉన్న ఇంకో గ్రంథి ఊరుకోదు, పని చెయ్యమని టి.ఎస్.హెచ్. పంపుతుంది.

“టి.ఎస్.హెచ్. అంటే అరుపు అనుకోండి. కింది గ్రంథి మొరాయించే కొద్దీ పై గ్రంథి అరుపు పెంచుతుంది.”

“ఎంత అరిచింది?” అని బ్రేకమ్మ అడిగింది.

“మీరు నా మీద అరిచినదానికి చాలా రెట్లు.”

“అయినా వినలేదా?”

“వినే స్థితిలో లేదు. మీ ఒంటిని కాపలా కాయాల్సిన బలగమే దాన్ని పరాయిదనుకుని కొడుతోంది. ఇదిగో, యాంటీబాడీలు చాలా ఎక్కువున్నాయి. అందుకే ఇది మామూలు నీరసం కాదని, థైరాయిడ్ జబ్బేనని తేలింది. మీరు చేసిన తప్పేమీ లేదు. కాపలావాళ్ళని మనం ఆపలేం గానీ, గ్రంథి ఇవ్వాల్సింది మాత్రతో ఇవ్వచ్చు. రోజూ పొద్దున్నే ఖాళీ కడుపుతో. బహుశా జీవితాంతం.”

భర్త గొంతు సవరించుకున్నాడు. “ప్రమాదం ఏమీ లేదుగా?”

“మందు వేసుకుంటే లేదు. మళ్ళీ మామూలు మనిషవుతారు.”

“మామూలు అంటే... మునుపటి మామూలా?”

“మునుపటి మామూలే.”

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు కాస్త ముందుకి వంగింది. “ఆ మాత్ర సగం వేస్తే సగమే అరుస్తుందా నాయనా?”

డాక్టరు ఆ సందేహం విననట్టు మందు చీటీ రాయడం మొదలుపెట్టాడు. బ్రేకమ్మ తన కుడికాలి వైపు చూసుకుంటోంది.

“ఈ కాలు ఎప్పటికి కుదురుకుంటుంది?”

“ఆరు వారాలకి రక్తం మళ్ళీ చూస్తే ఒక దారి తెలుస్తుంది.”

“అప్పటిదాకా బ్రేకు మీద పెట్టొచ్చా?”

కలం ఆగింది. “డాక్టరుగా చెప్పాలా, శిష్యుడిగా చెప్పాలా?”

“డాక్టరుగా.”

“వద్దు.”

“శిష్యుడిగా?”

“వచ్చే వారం నా పరీక్ష ఉంది.”

దారి పొడుగునా భర్త ఒకటే మాట. “హెడ్‌లైట్ డాక్టరుగారి తప్పని ఓనరు ఎలాగూ అనుకున్నాడు. ఇప్పుడు లేనిపోనిది చెప్తే ఆ కుర్రాడు నీ సీట్లోకి వచ్చి కూర్చుంటాడు, మళ్ళీ లేవడు. కాస్త జాగ్రత్తగా ఉంటే సరిపోదూ?” ఆవిడ వింటూనే ఉంది. ఈసారి నిద్రపోలేదు.

స్కూల్లో ఓనరు కొత్త హెడ్‌లైట్ బిగించిన కారు తుడిపిస్తున్నాడు.

“రండి మేడమ్. ఆ డాక్టరుగారి సంగతి తెలిసిందేగా, మీరేం మనసులో పెట్టుకోకండి. మధ్యాహ్నం నుంచి ఇంకో క్లాసు వేశాను మీకు. అందరూ మీరే కావాలంటున్నారు, శాంతంగా చెప్తారని.”

బ్రేకమ్మ సంచిలోంచి కారు తాళం తీసి ఆయన బల్ల మీద పెట్టింది. కుర్ర మాస్టరు గుమ్మంలో ఆగిపోయాడు.

“ఆయన తొక్కింది తప్పే. నేను తొక్కాల్సింది ఆలస్యంగా తొక్కాను,” అంది. “నాకు థైరాయిడ్ జబ్బు ఉందని తేలింది. రక్తం కుదుటపడిందని కాగితం వచ్చేదాకా కౌంటర్‌లో కూర్చుంటాను. వచ్చిన రోజున ఈ తాళం అడుగుతాను. డాక్టరుగారి పరీక్ష అప్పటిదాకా వాయిదా వేయించండి.”