బాబాయ్ పంటికింద దేవదారు

“ఆ హ్యాను ఆహవే అమ్మదూ.”

అమ్మడు లైటు ఆపింది. బాబాయ్ అడిగింది ఫ్యాను ఆపమని. మూరన్నర పలకను పళ్ల మధ్య ఇరికించుకుని మాట్లాడే మనిషికి లైటయినా ఫ్యానయినా ఏదో ఒకటి ఆగడమే ఎక్కువ. ఆయన చీకట్లోనే చెవుల్లో ఇంకాస్త దూది కుక్కుకుని, పలక నడుమ వేలి కణుపుతో ఠక్కున కొట్టాడు.

గిటార్లు చేసేవాళ్లు కర్రను తట్టి చెవితో వింటారు. బాబాయ్ పళ్లతో వింటాడు. ముప్పై ఏళ్లు అందరిలాగే చెవితో ఎంచిన మనిషికి మూడేళ్ల కిందట ఈ జబ్బు పట్టుకుంది. అప్పట్నుంచి ఆ వీధిలో ఆయన కొరకని కర్ర లేదు. పక్కింటివాళ్ల మంచం కోడు, బ్యాంకు కౌంటరు, టీ కొట్టు బల్ల, అన్నిటి మీదా ఆయన పంటి గాట్లున్నాయి. అయితే మర్యాదస్తుడు. కొరికే ముందొకసారి, కొరికాక ఒకసారి జేబురుమాలుతో శుభ్రంగా తుడుస్తాడు.

వీధి చివర కలప అడితి నడిపే పెద్దమనిషి ఈయన్ని చూడగానే కొత్త సరుకు మీద గోనెపట్టా కప్పేస్తాడు. ఒకసారి ఎవరో కొనడానికి వచ్చి, “ఈ దూలానికి ఈ గాట్లేమిటండీ?” అన్నారట.

“ఎలుక.”

“ఇంత పెద్ద ఎలుకా?”

“యాభై ఎనిమిదేళ్లుంటాయి దానికి,” అన్నాడట అడితి ఆయన.

పళ్ల డాక్టరుది ఇంకో కథ.

“ఈ పన్నెలా విరిగింది?”

“టేకు.”

“పక్కది?”

“మామిడి.”

“టెంక కొరికారా?”

“చెక్క.”

డాక్టరు నిట్టూర్చి పన్ను కట్టాడు. కట్టించుకున్నవాడు అద్దంలో చూసుకోలేదు. “దీనికి శబ్దం తెలుస్తుందా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా డాక్టరు గారి బల్ల సొరుగు లాగి కొరికి చూసుకున్నాడు.

ఎందుకిలా అని ఇంట్లో అడగనివాళ్లు లేరు. “కర్ర సంగతి పంటికే తెలుస్తుంది,” అనడం తప్ప ఆయన పెదవి విప్పలేదు. పిన్ని అడగడం మానేసి వంటింటి గరిటెలన్నీ స్టీలువి చేసేసింది.

ఆ రోజు అమ్మడు వచ్చింది మాత్రం నవ్వడానికి కాదు. ఆయన తనకోసం చేస్తానంటున్న గిటార్ వద్దని చెప్పడానికి. ఆమె బాబాయ్‌కి అన్న కూతురు, సంగీతం బడిలో పిల్లలకు గిటార్ నేర్పుతుంది. కొంతకాలంగా ఆమె చెవులు మందగిస్తున్నాయి. పిల్లలు తప్పు తీగ మీటినా ఈ మధ్య తెలియడం లేదు. మాటలు సగం వినీ, సగం ఎదుటివాళ్ల పెదాలు చూసీ నెట్టుకొస్తోంది. ఈ సంగతి చెవి డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. రేపు బడిలో ఇవ్వాల్సిన రాజీనామా ఉత్తరం ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది.

బాబాయ్ లైటు వేసి, పలక నోట్లోంచి తీసి, ఎప్పటిలాగే ఆమెకు ఎదురుగా వెలుతురులోకొచ్చి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

“దొరికిందే. ఎక్కడనుకున్నావ్? అడితి ఆయన కింద. ఎనిమిదేళ్లుగా ఈ దేవదారు పలక మీదే కూర్చుని, నాకు మంచి కర్ర లేదు పొమ్మంటున్నాడు మహానుభావుడు. పొద్దున్న ఆయన్ని లేపడానికి అరగంట పట్టింది. గాలికి ఆరిన కర్ర చూశాను, నీడన ఆరిన కర్ర చూశాను. మనిషి కింద ఆరిన కర్రను చూడడం ఇదే మొదలు. ఈ చారలు చూడు, దువ్వెనతో దువ్వినట్టు లేవూ?”

“బాబాయ్, ఒక్క మాట విను. నాకు గిటార్ వద్దు.”

“ముందు దీన్ని కొరుకు.”

“ఛీ, నువ్విప్పుడే కొరికావు.”

“అది నా చివర. ఈ చివర నీకోసం ముట్టుకోలేదు. తుడిచాను కూడా.”

“దానికీ అంటించకండి ఆ జబ్బు,” అంది పిన్ని వంటింటి కిటికీలోంచి.

బాబాయ్ వినిపించుకోలేదు. చెవుల్లో దూది ఉంది మరి. అదే దూది ఇంకో రెండు ఉండలు చుట్టి అమ్మడి చెవుల్లో పెట్టాడు. పిచ్చివాడితో వాదించడం కన్నా కొరకడం సులువనిపించి ఆమె పలక అంచును పళ్ల మధ్య పెట్టుకుంది. ఆయన తట్టాడు.

శబ్దం చెవుల జోలికే పోలేదు. పళ్లలోంచి దవడలోకి, దవడలోంచి నడినెత్తికి ఎక్కి, అక్కడ గంట కొట్టినట్టు నిలబడింది. ఇంత స్పష్టమైన శబ్దం విని ఆమెకు రెండేళ్లయింది.

“మల్లీ కొత్తు,” అంది పలక వదలకుండా.

ఆయనకు మాట వెంటనే అర్థమైంది. మళ్లీ కొట్టాడు. అటు చివర, ఇటు చివర, నడుమ. తర్వాత గోడకు ఆనించిన ఇంకో పలక తెచ్చి కొరకమన్నాడు. నున్నగా, బంగారు రంగులో ఉందది. తడితే నెత్తిదాకా ఏమీ రాలేదు.

“చూశావా? దీన్ని చెవితో విన్నవాళ్లందరూ మెచ్చుకున్నారు. పంటికి మాత్రం మట్టిగడ్డ. రెండూ ఒకటి కాదే. ఇది తెలుసుకోవడానికే మూడు పళ్లు పోయాయి నాకు.”

అమ్మడు దూది తీసేసింది. “నీకెవరు చెప్పారు బాబాయ్? నేనెవరికీ చెప్పలేదు.”

“నీ గడ్డం చెప్పింది. మూడేళ్లుగా శ్రుతి చేసేటప్పుడల్లా గడ్డం గిటార్ అంచుకి ఆనిస్తున్నావు. అంతకుముందు ఆ అలవాటు లేదు నీకు. పళ్ల డాక్టర్ని అడిగితే, చెవి దారి మూసుకున్నా కొందరికి ఎముక దారి తెరిచే ఉంటుందన్నాడు. దారంటూ ఉంటే దానికి తగ్గ కర్ర వెతకాలా వద్దా?”

“వీధంతా నవ్వుతుంటే ఒక్కరికైనా చెప్పొచ్చుగా.”

“నన్ను చూసి నవ్వేవాళ్లు నిన్ను చూడరు కదే,” అన్నాడు, అదేదో పెద్ద విషయం కానట్టు పెన్సిలు వెతుక్కుంటూ. “కాగితం ఉంటే ఇలా పడెయ్. నీ గడ్డం ఎక్కడ ఆనుతుందో కొలత రాసుకోవాలి.”

అమ్మడు బ్యాగు తెరిచింది. ఉన్నది ఒకే కాగితం. దాన్నే తెల్లవైపు పైకి తిప్పి ఇచ్చింది. ఆయన ఆమె గడ్డం కింద టేపు పెట్టి నాలుగు అంకెలు వేసి, కాగితాన్ని గోడ మేకుకు గుచ్చాడు.

“మళ్లీ కావాలా ఇది?”

“అక్కర్లేదు.”

“మరింకా అల్లా నిలబడ్డావేం? ఈ స్టూలు తీసుకెళ్లి అడితి ఆయనకిచ్చి రా. పొద్దుట్నుంచీ నిలబడే వ్యాపారం చేస్తున్నాడు పాపం.”

అమ్మడు స్టూలు ఎత్తింది. స్టూలు కాలి మీద చేతి వేలికేదో గరుగ్గా తగిలితే తిప్పి చూసింది. వరసగా ఆరు గాట్లు.

“ఆయన అడిగితే,” అన్నాడు బాబాయ్ పలక తుడుచుకుంటూ, “ఎలుకని చెప్పు.”