గోడకు వచ్చిన జ్వరం

మా తాత పోయాడని మా ఊరి వైపు తిరిగే బస్సు కండక్టరు వచ్చి చెప్పాడు. మహబూబ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే బడి వదిలే వేళ అది. పిల్లలు పలకలు సర్దుకుని గంట కోసం చెవులు రిక్కించి ఉన్నారు. కండక్టరు లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి, "అమ్మా, మీ తాత తెల్లారంగ పోయిండట. మీ అవ్వ నిన్ను తోలుకరమ్మన్నది" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తాత బతికి ఉండగా చెప్పనివ్వలేదు.

మా తాత అంటే అమ్మకు నాయిన. దేవరకొండ దగ్గరి పల్లెలో సుతారి పని చేసేవాడు. ఇళ్లు కట్టడం, గోడలకు గిలాబు, అంటే సున్నపు పూత, వేయడం ఆయన బతుకుతెరువు. అమ్మ నన్ను కని పోయింది. నాయిన మళ్లీ పెళ్లి చేసుకుని అమ్రాబాద్ వైపు వెళ్లాడు, తిరిగి ఇటు తొంగి చూడలేదు. నన్ను సాకింది తాతా, అవ్వా.

పొద్దుగూకి ఇంటికి వచ్చిన తాత మీదికి నేను ఉరికితే, "ఆగు బిడ్డా, సున్నం చేతులు" అని అరిచేవాడు. సున్నం తగిలితే నా చెంపలు మండుతాయని భయం. చేతులు కడిగి, ఆముదం రాసి, తువ్వాలతో తుడుచుకున్నాక గానీ నన్ను ఎత్తుకునేవాడు కాదు. దీపానికి చుక్క మిగలడం లేదని అవ్వ ఆముదం సీసా దాచిపెట్టేది. ఎక్కడ దాచినా ఆయనకు దొరికేది. జడ వేయడం రాదు గానీ వేస్తానని పట్టుబట్టేవాడు. మోకు పేనినట్టు పేనితే, సాయంత్రం దాన్ని విప్పలేక అవ్వ ఇద్దరినీ కలిపి తిట్టేది. సీతాఫలాల కాలంలో ఏ ఊరికి పనికి పోయినా తువ్వాలలో మూట కట్టుకొచ్చేవాడు. దారిలో నలిగి అంతా గుజ్జయ్యేది. "పండ్లు తెచ్చినవా, గిలాబు తెచ్చినవా?" అని అవ్వ ఎకసెక్కం ఆడితే నేను పడీ పడీ నవ్వేదాన్ని. తాత మాత్రం నవ్వేవాడు కాదు. పని మీద హాస్యాలు ఆయనకు గిట్టవు.

అంత గర్వం మరి. దేవరకొండ సంతకు వెళ్లినప్పుడు తాను కట్టిన గోడ ఎదురైతే ఆగి, అరచేత్తో తడిమి గానీ కదిలేవాడు కాదు. నేను విసుగుతో చెయ్యి గుంజితే, "జర ఆగు, పలకరించి పోదం" అనేవాడు.

మొదటి ఎలక్షన్లు జరిగిన ఏడాది, దేవరకొండలో బట్టల వ్యాపారం చేసే ఒక సాబ్ ఇల్లు కట్టించాడు. బిడ్డ షాదీ ఆ కొత్త ఇంట్లోనే చేయాలని ఆయన కోరిక. షాదీలోపు పెద్ద గదికి గిలాబు చేసి ఇస్తానని తాత మాట ఇచ్చాడు. కాల్చిన సున్నపుగుల్లను గుంటలో నీళ్లు పోసి నానబెడతారు. లోపలి పలుకు దాకా చల్లారి మెత్తబడాలి. తొందరపడి తీస్తే పచ్చి పలుకులు గోడలో ఉండిపోయి, తేమ తగిలినప్పుడు ఉబ్బుతాయి. ఇది తాతకు తెలియకనా! చేతికింది వాళ్లు తొందరపెడితే, "సున్నం మన సుట్టం గాదు, పిలువంగనే వచ్చెతందుకు" అని కసిరేవాడు.

ఆ సున్నం గుంటలో ఉండగానే నాకు జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోయి మనుషులను గుర్తుపట్టడం మానేశానట. అవ్వ కబురంపింది. తాత పని వదిలేసి వచ్చి, నన్ను దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుని దవాఖానకు నడిచాడు. నేను కాస్త కళ్లు తెరిచాక మళ్లీ పనికి వెళ్లాడు గానీ, ప్రాణమంతా నా మంచం దగ్గరే ఉంది. అటు షాదీ దగ్గరపడింది. సున్నం ఇంకా కుదురుకోలేదు. తాత ఆగలేదు. గబగబా పూసి, తళతళలాడించి, నా దగ్గరికి వచ్చేశాడు.

షాదీ బాగానే జరిగింది. వానలు పడ్డాక ఆ గోడల నిండా పొక్కులు లేచాయి. చిటుక్కున పగిలి పెచ్చులు రాలాయి. పండుగకు వచ్చిన కొత్త అల్లుడి పళ్లెంలోనే రాలాయట. ఇంకేముంది, సుతారి సున్నం అమ్ముకొని బూడిద కలిపాడని ఊరంతా అన్నారు. సాబ్ పిలిచి అడిగితే, "నా చేతి తప్పే సాబ్" అని తాత ఊరుకున్నాడు. గోడలన్నీ తానే గీకి, కూలి ముట్టకుండా మళ్లీ పూశాడు. అయినా దేవరకొండలో ఆయన్ను మళ్లీ ఎవరూ గిలాబుకు పిలవలేదు. పొలం గట్లకు రాళ్లు పేర్చాడు, గొర్ల దొడ్లకు గోడలు పెట్టాడు, పని వెతుక్కుంటూ ఆత్మకూర్ దాకా పోయాడు. సంతకు వెళ్తే మాత్రం ఏ గోడనూ పలకరించేవాడు కాదు.

ఊహ తెలిసేకొద్దీ నాకు అర్థమైంది. టీచరు ట్రైనింగుకు వెళ్లేముందు ధైర్యం చేసి అడిగాను.

"నా జరం వల్లనేనా తాతా, గట్లయింది?"

"గోడకు జరమొచ్చింది, నీకు తగ్గింది. సరిపాయె తియ్."

"నేను పోయి సాబ్‌కు చెప్త."

"నోర్ముయ్!" అన్నాడు. ఆయన నన్ను కసరడం అదే మొదలు, అదే చివర. కాసేపటికి గొంతు తగ్గించి, "రేపు నీకు సంబంధం జూస్తే, దీన్ని సాకబట్టే ముసలోని పని చెడిపాయె అంటరు. నా పేరు నేను మోసుకుంట. నువ్వు దాని జోలికి రాకు" అన్నాడు.

తప్పు చేసి సిగ్గుపడితే దిద్దుకోవడానికి దారి ఉంటుంది. నేను బతికి బట్టకట్టినందుకు సిగ్గుపడుతున్నాను. దీనికి ఏ దవాఖానలో మందుంది? నలుగురిలో ఎవరైనా నా చదువును మెచ్చుకుంటే, ఆయన పోగొట్టుకున్న పేరు నేను తొడుక్కుని తిరుగుతున్నట్టు ఉంటుంది.

దినాల నాడు సాబ్ వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టి, అవ్వ చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన చెంబు పట్టుకుని, "మంచి పనోడుండె. ఒక్క నా ఇంటికాడనే ఎందుకు తప్పిండో ఇప్పటికీ సమజ్ గాదు" అన్నాడు. అసలే నాకు నోరు ఆగదు. వద్దన్న మనిషి ఇక లేడు. అంతా చెప్పేశాను.

 సాబ్ నా వైపు తిరిగి, "బిడ్డకు జరమొచ్చిందని ఒక్క మాట చెప్తే షాదీ వెనుకకు జరుపకపోదునా బేటీ? నేను సుత ఆడపిల్ల తండ్రినే గదా. నాకు చెప్పరాదనుకున్నడా? నేను గసుంటోని లెక్క కనబడ్డనా?" అన్నాడు. 

గడపలో కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనే కబురంపిన సాబ్" అంది. "గప్పుడు జర ధైర్నంగ ఉంటే ఆయన పని ఆయన చేసుకునేటోడు. గీ ముచ్చట ఆయనతోని సుత ఎన్నడనలే."

అవ్వ కూడా మోస్తోందని నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు కూర్చుని ముగ్గురం ఎవరికి వారం దాచుకున్నాం. ఇప్పుడు వాకిట్లో అవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం. సాబ్ చేతిలో చెంబు పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు ఒలికి ఆయన షేర్వాణీ తడుస్తోంది. ఆయన తాగనూ లేదు, చెంబు కింద పెట్టనూ లేదు.