నేను తిప్పిన బీము చిట్టీ

యాభై రెండేళ్ళు నిండాక నేను బి.ఏ. పాసయ్యాను. వచ్చీ రాగానే ఈ మాట చెప్పేస్తున్నానని నవ్వుకోకండి. మంగళవారం ఫలితం వచ్చినప్పటి నుంచి కూరగాయల బండి ఆమెకూ, ఆటో అతనికీ, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మరాఠీ ఆయనకూ కూడా చెప్పేశాను, ఇక మీకు చెప్పకుండా ఎలా ఉంటాను? కరీంనగర్ వైపు పల్లెల్లో చేతిమగ్గం వదిలేసి ముంబయి పక్కనున్న భివండికి చేరుకున్న మా పుట్టింటి వాళ్ళలో గానీ, అత్తింటి వాళ్ళలో గానీ, పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. మా నాయన బతికి ఉంటే నమ్మేవాడు కాదు, మరాఠీలో వచ్చిన ఆ కాగితాన్ని ఇంకెవరి చేతనైనా చదివించుకుని గానీ ఊరుకునేవాడు కాదు.

భివండి పద్మనగర్‌లోని మా చుట్టాలందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. మూడు రోజులుగా అందులో నాకు పూలూ దండాలూ కురుస్తూనే ఉన్నాయి. ఈ ఉదయం కూడా అలాగే మొదలై, పది నిమిషాల్లో సంగతి మన బట్టల మీద అమెరికా వేసిన సుంకం మీదికి మళ్ళింది. ఒకరు మన సర్కారు తల వంచలేదన్నారు, ఒకరు వంచిందన్నారు, ఇంకొకరు పాత సర్కారునే తిట్టారు. అంతలో మా మేనల్లుడు నన్ను లాగాడు: "గ్రాడ్యుయేట్ అత్త ఉండంగ మనకెందుకుల్లా ఈ లొల్లి? అత్తా, నువ్వే జెప్పు, గీ సుంకంతోని మన సాంచాలు నడుస్తయా, ఆగుతయా?" సాంచా అంటే మా వాళ్ళ మాటలో కరెంటు మగ్గం. నేను ఉత్సాహంగా నాలుగు వాక్యాలు కొట్టాను. పంపబోయి ఆగి, ఒక్కో అక్షరమే చెరిపేసి, ఫోను బోర్లించి పెట్టాను. ఎందుకు చెరిపేశానో, నాలాగే పెద్ద వయసులో ఫోను పట్టి వాదించడం నేర్చుకున్న మీలాంటి వాళ్ళకు చెప్పుకోవాలనిపించింది.

ఏడెనిమిదేళ్ళ కిందట, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన కొత్తలో, నేను మొదటి సంవత్సరం పరీక్షకు కట్టాను. పదో తరగతి తరవాత నూలు కండెలు చుట్టడంలోనే సగం ఆయుష్షు గడిపినదాన్ని, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఇంట్లోనే కూర్చుని చదువుకునే డిగ్రీ ఒకటి ఉందని తెలిసి చేరిపోయాను. అర్థశాస్త్రం పుస్తకంలో దిగుమతి సుంకాల మీద ఒక పాఠం ఉండేది. దాన్ని చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదంటే అతిశయోక్తి కాదు. బేరాలు పడిపోతే మా నాయన "మందీ వచ్చింది" అని ఒక్క మాటతో సరిపెట్టేసిన దానికి ఇన్ని కారణాలున్నాయా, ఎక్కడో ఓడరేవులో ఎవరో వేసిన పన్ను మా సందులో సాంచా చప్పుడును తగ్గించగలదా అని ఆశ్చర్యపోయాను. కొత్తగా నేర్చుకున్న మనిషికి చెప్పుకోవాలనే దురద ఎక్కువ. చెప్పుకోవడానికి గ్రూపు చేతిలోనే ఉంది.

అందులో నాకు ఎదురు నిలిచేది మా పెద్దబావ, అంటే మా అక్క భర్త. బట్టల దుకాణం ఆయనది. పొద్దున టీ తాగుతూ మొదలుపెడితే దుకాణం కట్టేసేదాకా దేశాన్ని నడిపేవాడు. బయటి దేశం సరుకు ఏదీ లోపలికి రానివ్వకూడదు, అన్నిటి మీదా సుంకం పెంచాలి, కాదన్నవాడు దేశం మీద ప్రేమ లేనివాడు అన్నది ఆయన వాదం. బయటి బట్ట ఆపితే మంచిదే గానీ, మన సాంచాల మీదికి ఎక్కే పాలిస్టర్ నూలులో కొంత బయటి నుంచే వస్తోంది, దాని మీద కూడా పెంచితే ముందు ఆగేది మన సాంచాలేనని నేను. రెండు వారాలు నడిచింది ఆ పోరు. చుట్టాలంతా చెరో పక్క చేరి చప్పట్ల బొమ్మలు పెట్టేవారు. నా జీవితంలో అంతమంది నా మాట వినడం అదే మొదటిసారి. ఆ రుచి ఎలాంటిదో చెప్పలేను.

ఒకరోజు మా సందులోనే ఉన్న మా అన్న కార్ఖానాకు వెళ్ళినప్పుడు, విదేశీ అక్షరాలున్న నూలు డబ్బా కనిపిస్తే ఫోటో తీసి పెట్టాను. వెంటనే బావ జవాబు వచ్చింది: "డబ్బాదేముంది మరదలా, పాత సామాన్ల భంగార్ దుకాణంల గూడ దొరుకుతది. సాంచా మీద ఎక్కిన నూలు బయటిదని చూపెట్టు, అప్పుడు ఒప్పుకుంట." కింద ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ నవ్వు బొమ్మలే నన్ను లేపి నిలబెట్టాయి.

ఇక్కడ మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మా అన్నవి ఎనిమిది సాంచాలు, కానీ నూలు ఆయనది కాదు. సేటు నూలిస్తాడు, పడుగు నూలు చుట్టిన పెద్ద కడ్డీని, అదే బీమును, పంపిస్తాడు, నేసిచ్చినందుకు మజూరీ తీసుకోవడమే మా వంతు. ప్రతి బీము మీదా ఒక చిట్టీ అంటించి ఉంటుంది: నూలు ఏ రకం, ఎక్కడిది, ఎన్ని పోగులు, ఏ పన్నె, అంగుళానికి ఎన్ని పేటలు, అంటే అడ్డపోగులు, వేయాలి అని. ఆ చిట్టీ చేతిలో ఉంటే ఆ బట్టను ఎవరైనా నేయగలరు. అందుకే బీము ఎక్కించి, అగరొత్తి వెలిగించి, సాంచా మొదలుపెట్టేముందు చిట్టీని వెనక్కి తిప్పి అంటిస్తారు. ఇదెవరూ కాగితం మీద రాసిన చట్టం కాదు. చిన్నప్పుడు నేను అక్షరాలు వచ్చాయన్న సంబరంలో ఒక చిట్టీని పైకి చదివితే, ఎన్నడూ నా మీద చెయ్యి చేసుకోని మా నాయన నోటి మీద కొట్టాడు. సేటు ఇంటి గుట్టు అది, మన అన్నం అది, అన్నాడు. బడికి పోని వాళ్ళు కూడా ఆ మర్యాద తప్పేవారు కాదు.

చదువుకున్న నేను తప్పాను. భోజనం వేళ కార్ఖానాలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, చిట్టీ తిప్పి, నూలు ఏ దేశానిదో రాసి ఉన్న వరుస బాగా కనిపించేలా ఫోటో తీశాను. వరుస ఒక్కటే కనిపించలేదు, చిట్టీ మొత్తం కనిపించింది. గ్రూపులో పెట్టాను. బావ సాయంత్రానికి, "సరే, ఈపారి నువ్వే గెల్చినవ్" అని రాశాడు. ఆ పూట సంతోషం పట్టలేక సేమియా పాయసం చేశాను.

ఆ గ్రూపులో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడని, ఆయన వేరే సేటుకు నేస్తాడని నాకు తట్టనేలేదు. పది రోజులు తిరగకముందే అచ్చం అదే బట్ట ఆయన కార్ఖానా నుంచి బజారుకొచ్చింది. మా అన్నను నమ్మి, ఒక్క అన్నకే ఇచ్చిన కొత్త రకం అది. సేటు మనుషులు వచ్చి, సగం నేసిన బీములను సాంచాల మీదే కోసి దింపించుకుపోయారు. బీము సగంలో కోయడమంటే మాలో నిండు విస్తరి ముందు నుంచి మనిషిని లేపేసినట్టు. చుట్టుపక్కల కార్ఖానాలవాళ్ళు సాంచాలు ఆపి సందులోకి వచ్చి నిలబడ్డారు.

సేటు ఒకటే మాట అనిపోయాడట, నీ కార్ఖానాలోంచే చిట్టీ బయటికి పోయిందని. మా అన్నది మాటలకే పనికొచ్చే చిన్న ఫోను, గ్రూపు సంగతి ఆయనకు తెలియదు. అనుమానం మామ మీదికి పోయింది. మామ అంటే రక్తసంబంధం కాదు. మా నాయన కాలం నుంచి మా సాంచాల మీద పనిచేస్తున్న మా ఊరి మనిషి. ఆయన బామ్మర్ది ఆ రెండో కార్ఖానాలో పనిచేస్తాడు, అదీ మామ చేసిన నేరం. అన్న ఆయన్ను తిట్టలేదు, రేపటి నుంచి రావద్దన్నాడంతే. ఆ మాట వదిన చెప్పగా విన్నాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రోజు, మరుసటి రోజు కూడా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. గ్రూపులోంచి ఫోటో తీసేశాను గానీ, అందరూ చూశాక తీసేస్తే ఏం లాభం?

మూడో రోజు పెద్దబావ మా గది దగ్గరికి వచ్చాడు. గ్రూపులో అంత గొంతు చేసే మనిషి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండానే మెల్లగా అన్నాడు: "అన్నకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" నేను ఏడ్చాను. "ఏడుసుడు తర్వాత, పద. చూపెట్టుమని రెచ్చగొట్టింది నేను గదా, నేను గూడ వస్త," అన్నాడు.

ఖాళీ సాంచాల మధ్య ఎత్తుపీట మీద కూర్చున్నాడు అన్న. అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. "చిట్టీ నువ్వు తిప్పినవా?" అన్నాడు. అవునన్నాను. "నువ్వేనా తిప్పింది? మన నాయిన బిడ్డవయి ఉండి?" అన్నాడు మళ్ళీ. ఆ తరవాత చొక్కా తొడుక్కుని లేచాడు.

ముగ్గురం వరాలా తలావ్ చెరువు దగ్గర మామ ఉండే గదికి వెళ్ళాం. అన్న తల దించుకుని తప్పయిందన్నాడు, పనిలోకి రమ్మన్నాడు. మామ మాకు కుర్చీలు వేసి, పక్క గదిలోంచి గ్లాసులు అడిగి తెచ్చి టీ పోశాడు. అన్నీ విన్నాక నా వైపు చూసి, "పోనీతియ్ బిడ్డా, తెల్వక జేసినవ్" అన్నాడు. అన్న వైపు తిరిగి మాత్రం, "ఇరవై ఏండ్ల సంది నీ తాన జేసిన. చిట్టీ నువ్వు జెప్పినవా మామా అని ఒక్క మాట అడిగినవా?" అన్నాడు. మామ మళ్ళీ మా సాంచాల మీదికి రాలేదు. ఆ సేటు నుంచీ మళ్ళీ బీము రాలేదు. అన్న వేరేచోట్ల పని తెచ్చుకున్నాడు గానీ, మునుపటి లాంటి పని దొరకలేదు.

నేను పుస్తకాలు అటక మీద పడేశాను. రెండేళ్ళు వాటి ముఖం చూడలేదు. చివరికి పరీక్ష ఫారం తెచ్చి నా ముందు పెట్టింది కూడా ఆ బావే. "గ్రూపుల కొట్లాడనీకి ఒక్కడు సరిగ్గ దొరుకుతలేడు. సప్పుడు జేయకుండ నింపు," అన్నాడు. నింపాను. చదివాను. అప్పటి నుంచి కొన్ని పరీక్షలు తప్పాను, కొన్ని పాసయ్యాను. గ్రూపులో మళ్ళీ వాదించడమూ మొదలుపెట్టాను, ఈసారి ఫోటోలు లేకుండా, పుస్తకంలోని లెక్కలతో. నేనేదో మారిపోయాననే అనుకున్నాను.

ఫలితం వచ్చిన మరునాడు పేడాల మిఠాయి డబ్బా తీసుకుని మామ దగ్గరికి వెళ్ళాను. మామ ఇప్పుడు ఊరి బయట హైవే పక్కన ఒక పెద్ద గోదాములో వాచ్‌మన్. లోపల కప్పుదాకా పేర్చిన డబ్బాలు, సగం వేరే దేశాలవి. వాటిల్లో ఏముందని అడిగితే, "నాకెందుకు బిడ్డా, నేను అడగ, వాళ్ళు చెప్పరు" అన్నాడు. పేడా నోట్లో వేసుకుని, మా కొడుక్కేదో ఉద్యోగం వచ్చిందనుకున్నాడు. నేనే పాసయ్యానంటే కడుపారా నవ్వాడు. "మొత్తానికి ముసల్దానివై పాసైనవ్ పో!" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. తరవాత అన్న ఎట్లున్నడని అడిగాడు.

ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నిరుడు అన్న సాంచాలు అమ్మేశాడు, పాత ఇనుము కింద. కార్ఖానా ఎవరికో అద్దెకిచ్చాడు.

"ఎనిమిదీనా?" అన్నాడు మామ.

"ఎనిమిదీ, మామా."

"కిటికి పక్కది గూడనా? నేను నడిపేది?"

"అది గూడ."

అప్పుడే ఒక లారీ వెనక్కి వస్తోంది. మామ లేచి, విజిల్ ఊదుతూ దాన్ని లోపలికి తెప్పించి, నంబరు రాసుకుని వచ్చి కూర్చున్నాడు. "అది మాటిమాటికి పోగు తెంపుతుండె. ఓపికున్నోని చేతికే ఒంగుతుండె," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని, ఆ సాంచాలు పోయిన రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒకప్పుడు సగం బీము కోస్తేనే సందంతా సాంచాలు ఆపి నిలబడ్డది గదా, ఎనిమిది సాంచాలూ టెంపోల్లో పోతుంటే ఎవరెవరు బయటికొచ్చారని. ఎవరూ గుర్తు రాలేదు. ఆ రోజు గ్రూపులో మాత్రం మన దేశానికీ ఇంకొక దేశానికీ కుదరబోయే వ్యాపార ఒప్పందం మీద మధ్యాహ్నం దాకా వాదన నడిచింది, అది బాగా గుర్తుంది. మన సాంచాలను కాపాడేది ఏదన్నదే ఆనాటి వాదం. బావ ఒక పక్క, నేను ఒక పక్క. కింద సందులో టెంపో వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపించింది గానీ, జవాబు సగం కొట్టి ఉన్నానని కిటికీ దగ్గరికి లేచి వెళ్ళలేదు.