శీరీన్ తాతగారి ఊరి జనాభా

చాండ్లర్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కవాటాలో ఎవరో మెంతికూర వేయిస్తున్నట్టున్నారు, ఆ చేదు వాసన ఈ ఉదయం కిటికీలోంచి వచ్చేసరికి, మిషిగన్‌లో మా పక్కింటి శీరీన్ వాళ్ళ వంటిల్లు గుర్తొచ్చింది, ఆ వెనకే నా మీద నాకే అసహ్యం వేసింది.

నాన్న కార్ల కంపెనీలో పనిచేస్తున్న రోజులవి. రెండువేల ఏడులో నేను అక్కడి ఫార్మింగ్టన్ హిల్స్‌లో అయిదో క్లాసు. శీరీన్ వాళ్ళది ఇరాన్. వాళ్ళ కొత్త సంవత్సరం, మన ఉగాది ఇంచుమించు ఒకేసారి, పెరట్లో మంచు పూర్తిగా కరగకముందే వచ్చేవి. అమ్మ పంపిన ఉగాది పచ్చడి వాళ్ళు మొహం చిట్లించుకుని తినేవారు, వాళ్ళిచ్చిన శనగపిండి బిస్కెట్లు నేను నోటినిండా కుక్కుకుని గౌను మీద పొడి రాల్చుకుంటూ తినేదాన్ని, పండక్కి ముందు ఒక సాయంత్రం వాళ్ళు ఇంటిముందు డ్రైవ్‌వేలో చిన్న మంట వేస్తే ఇద్దరం చేతులు పట్టుకుని దాని మీంచి దూకేవాళ్ళం.

అన్నిటికన్నా నాకు ఇష్టం వాళ్ళ తాతగారు. తన ఊళ్ళో ఆయన మన పాతకాలం కరణంలాంటి ఉద్యోగి. చుట్టుపక్కల చిన్న పల్లెలన్నిటికీ ఆయన ఊరే కేంద్రం. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, విత్తనాలకి గోధుమలు కావాలన్నా ఆయన బల్ల దగ్గరికే రావాలి. చలికాలం మధ్యాహ్నాలు బేస్‌మెంట్‌లో తివాచీ పరిచి, వాల్‌నట్ కాయలు ఇళ్ళలా పేర్చేవారు. మేం ఒక కాయ మీద తట్టి "ఇంట్లో ఎవరున్నారు?" అంటే, ముసలివాళ్ళ మొదలు ఉయ్యాల్లో పిల్లదాకా ఆ ఇంటివాళ్ళ పేర్లన్నీ చెప్పేవారు, తప్పు పోకుండా తిరిగి చెప్పినవాళ్ళకి ఆ కాయ. నాకు ఊరంతా కంఠతా వచ్చేసింది. ఆ ఊరు వదిలి ఎన్నేళ్ళయిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

స్కూల్లో ఏదైనా ఒక దూరపు ఊరి గురించి ప్రాజెక్ట్ చేయమంటే ఇద్దరం ఆ ఊరే తీసుకున్నాం. అచ్చులో ఆధారం చూపిస్తేనే మార్కులని టీచర్ అన్నారు కనుక నాన్న కంప్యూటర్‌లో వెతికి ప్రింట్ తీశాను. ఊరు ఉన్నట్టు నమోదైందట. జనాభా చెప్పదగినంత లేదట. చుట్టుపక్కల పల్లెల లెక్కలు చూసే ఆఫీసు పక్క ఊరికి మారిందట. దొరికిందన్న సంబరంతో పరుగెత్తుకెళ్ళి తాతగారి ఎదుటే గట్టిగా చదివాను. శీరీన్ తలొంచుకుని ఆయనకి ఫార్సీలో చెప్పింది.

ఆయన కాగితం తీసుకుని రెండువైపులా తిప్పి చూశారు. వచ్చీరాని ఇంగ్లీషులో, "రాసినాయన ఏ తలుపు తట్టాడమ్మా?" అని అడిగారు.

"ఇదే కరెక్ట్ తాతగారూ, ఇంటర్నెట్‌లో ఉంది. మీరు చెప్పేది ఓల్డ్ డేటా," అన్నాను. పదేళ్ళ పొగరు.

అమ్మకి చెబితే మండిపడింది. "పెద్దాయన్ని పట్టుకుని అంత మాట అంటావుటే? ముందు వెళ్ళి సారీ చెప్పిరా!" వెళ్ళలేదు. నా తప్పేముందనుకున్నాను. పోస్టర్ మీద ఆ కాగితమే అంటించాం, మార్కులూ బాగానే వచ్చాయి. తాతగారు మళ్ళీ తివాచీ పరచలేదు. ఆడదామని అడిగితే, "ఇళ్ళల్లో ఎవరూ లేరమ్మా" అనేవారు. మరుసటి ఏడు పండక్కి ఆయనా లేరు.

మిషిగన్‌లో ఆ పక్కింట్లో ఇప్పుడెవరున్నారో తెలియదు. శీరీన్‌తో మాటలు పుట్టినరోజు మెసేజ్‌లకి దిగాయి. ఇవాళ పనిగట్టుకు కూర్చుని ఆ ఊరివాళ్ళ పేర్లు తలచుకోవాలని చూశాను. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నేను చదివి వినిపించిన ఆ కాగితం మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.