మ్యాట్నీలో అవ్వ అడిగిన ప్రశ్న

మా ఇళ్లలో తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే తమిళం. కోయంబత్తూరులో మా మిల్లు వీధి పిల్లలందరం అలాగే పెరిగాం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నేను తెలుగుదాన్నని క్లాసులో ఎవరికీ తెలియదన్నదే నా గొప్ప.

మిల్లు సెలవు రోజున, హైస్కూలు పిల్లల మీద తీసిన తమిళ కామెడీ సినిమాకి మా అవ్వను తీసుకెళ్లాను. హాల్లో తెలుగు మాట్లాడనని ముందే ఒట్టు వేయించుకున్నాను. తీరా చూస్తే మా ముందు వరుసలోనే క్లాసు లీడరు, దాని స్నేహితురాలు.

సినిమాలో క్లాసంతా ఏడిపించడానికి ఒక తెలుగు కుర్రాడు. జిడ్డు కారే జుట్టు, అరచేయంత బొట్టు, టిఫిన్ డబ్బా నిండా మిరపకాయలు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలు గొల్లుమనేది. ఒళ్లు మండిపోతున్నా అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

అవ్వ నవ్వలేదు. ఒట్టు సంగతి మరిచి, "పాపా, ఆ పిల్లోడు ఏం భాష మాట్లాడతా ఉండాడు?" అని హాలంతా వినబడేలా తెలుగులో అడిగింది.

నేను సీట్లోకి కుంగిపోయాను. లీడరు వెనక్కి తిరిగింది. దాని నోట తమిళం తప్ప నేనెన్నడూ వినలేదు.

"అది మన తెలుగేనంట, అవ్వా! నాకూ ఒక్క మాటా అర్థం కాలే," అంది.

"నాకూనూ," అంది పక్కనున్న పిల్ల.

ఇంటర్వెల్‌లో అవ్వ తెచ్చిన మురుకుల కోసం ముగ్గురం తెలుగులోనే కొట్టుకున్నాం, హాలంతా వినేలా.