పచ్చ కొమ్మలు

డిపోలో అందరూ ఆయన్ని ‘మెత్తబ్రేకు’ అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలివాళ్లు కూడా తూలేవారు కాదు. ఆ పేరంటే లోలోపల గర్వం.

ఇంట్లో ఆయన ప్రాణమంతా పెరటి గోడకు పాకిన ఐవీ తీగ మీదే. ఆకు నడుమ పచ్చన, అంచు తెల్లన. ఆ తీగకో పాడు బుద్ధి ఉంది: వదిలేస్తే అక్కడక్కడా ఉత్త పచ్చటి కొమ్మలు వేస్తుంది. అవి ఏపుగా ఎదిగి తెల్ల అంచు వాటిని మింగేస్తాయి. అందుకే ప్రతి ఆదివారం కత్తెర పట్టుకుని వాటిని మొదలంటా తీసేసేవాడు. భార్యను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

“నీకు తొందరెక్కువ. మంచివి కూడా కోసేస్తావు.”

ఒక ఆదివారం ఆమె బట్టలు ఆరేయడానికి వెళ్లింది. గోడ కింద తెల్ల అంచు కొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. పచ్చవి గోడ మీద నిక్షేపంగా ఉన్నాయి. ఆయన ఆకుల్ని వేళ్లతో తడుముతూ ఇంకా కోస్తూనే ఉన్నాడు.

ఆమె దగ్గరికి వెళ్లింది. చెయ్యి ముందుకు చాపింది.

“ఏమండీ, ఇదేంటో చెప్పండి.”

“ఆకేగా.”

అది బట్టల క్లిప్పు.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏడాది.”

“మరి కళ్ల పరీక్ష?”

“అక్షరాలు బట్టీ పట్టా. దారి నాకు కంఠతా వచ్చు. నాలుగు నెలల్లో రిటైరవుతా. నోరు మూసుకో.”

“రోడ్డు మీద పిల్లలుంటారండీ!”

“నా పరువు బజారున పెడతావా?”

సోమవారం తెల్లవారకముందే, ఆయన డ్యూటీ ఎక్కేలోపు, ఆమె డిపో మేనేజరు ముందు నిలబడింది.

“ఆయన మీద ఒక్క కంప్లయింటు కూడా లేదమ్మా” అన్నాడు మేనేజరు నమ్మలేక.

“వచ్చేదాకా ఆగుతారా సార్?”

ఈసారి కళ్ల పరీక్షకి వేరే అక్షరాల బోర్డు పెట్టారు. ఆయన రెండో వరుస దగ్గరే ఆగిపోయాడు. వీడ్కోలు సభ లేదు. “పెళ్లామే పట్టిచ్చిందట” అని క్యాంటీన్లో చెప్పుకున్నారు. కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదన్నాడు డాక్టరు.

ఆయన ఆమెతో మాట మానేశాడు. పెట్టింది తినేవాడు. ఆసుపత్రికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే కర్రలా నడిచేవాడు. పెరట్లోకి మళ్లీ అడుగు పెట్టలేదు. కత్తెర ఆమె అందుకుంది. కానీ తెల్ల అంచు కొమ్మలు మిగిలింది రెండో మూడో. వానాకాలం వెళ్లేసరికి గోడంతా పచ్చగా కమ్ముకుపోయింది.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, ఆమె ఎదురుగా కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతుంటే, ఉన్నట్టుండి అడిగాడు.

“నా ఇరవై ఏడో నంబరు బస్సు ఇప్పుడెవరు నడుపుతున్నారు?”

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. “తెలీదండీ. కనుక్కోనా?”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.